ఒసేతీ గుర్రం మాట ఎక్కడిది?

కాకసస్ పర్వతాలకు ఉత్తరాన వ్లాదికవ్కాజ్ చుట్టుపక్కల, దక్షిణాన త్స్‌ఖిన్వాలి ప్రాంతంలో ఒసేతీ భాష మాట్లాడతారు. ఆ భాషలో గుర్రాన్ని 'బఖ్' అంటారు. చివరి అక్షరం మన వొత్తు ఖకారం కాదు. ఉర్దూ తెలిసినవాళ్లు 'ఖబర్' అనేటప్పుడు గొంతులో రాపిడితో పలికే ధ్వని అది. ఇరోన్, దిగోర్ అనే రెండు మాండలికాల్లోనూ మాట ఇదే. పిల్లలు మొదట నేర్చుకునే మాటల్లో ఒకటైన ఈ ఏకాక్షరి పుట్టుక మీద మాత్రం భాషాశాస్త్రవేత్తలు ఇంకా ఒక నిశ్చయానికి రాలేదు. అది పొరుగు కాకసస్ భాషల నుంచి వచ్చిన అన్యదేశ్యం అన్నది ఎక్కువమంది ఒప్పుకునే అభిప్రాయం. దానికి బలమైన ఆధారాలున్నాయి. తీసిపారేయలేని అభ్యంతరాలూ ఉన్నాయి.

చిక్కు ఎక్కడుందో తెలియాలంటే ఒసేతీ ఏ కుటుంబం భాషో గుర్తుంచుకోవాలి. చుట్టూ జార్జియన్, చెచెన్, ఇంగుష్, కబార్దీ వంటి కాకసస్ భాషలుంటే, వాటి మధ్య ఒసేతీ ఒక్కటే ఇరానీ శాఖకు చెందింది. ఒకప్పుడు నల్లసముద్రం నుంచి కాస్పియన్ దాకా ఉన్న గడ్డిమైదానాలలో తిరిగిన సార్మేషియన్లు, అలాన్‌ల భాషలకు నేడు మిగిలిన వారసత్వం ఇదే. ఇరానీ భాషలూ, మన ఉత్తరాది భాషలకు మూలమైన సంస్కృతమూ అక్కచెల్లెళ్లు. కాబట్టి సంస్కృతం నుంచి తెలుగులోకి వచ్చిన మాటలు తెలిసిన పాఠకుడికి ఒసేతీ పశువుల పేర్లు అంత పరాయిగా తోచవు. గాడిదను వాళ్లు 'ఖరగ్' అంటారు. మన ఖరం అందులో కనిపిస్తూనే ఉంది. దిగోర్ మాండలికంలో గొర్రె 'ఫుస్'. ఇది 'పశు' శబ్దమే, ఇరానీ మూలంలోని పకారం ఒసేతీలో క్రమంగా ఫకారమైంది, అర్థం మొత్తం పశుసంపద నుంచి ఒక్క గొర్రెకు కుదించుకుపోయింది. అదే మాండలికంలో ఆవు 'ఘోగ్', అందులో 'గో' ఉంది. దూడ 'వస్', అది వత్సం. కోడి 'కార్క్', అమరకోశంలో కోడిపుంజుకు ఉన్న 'కృకవాకువు' అన్న పేరులో మొదటి సగం దీనికి చుట్టం.

ఇలా కొట్టంలోని చాలా జీవాల పేర్లు మూడు వేల ఏళ్ల నాటి ఇరానీ వరుస తప్పలేదు. అదే వరుసలో గుర్రానికి 'అశ్వం' తోబుట్టువైన 'అస్ప' రావాలి. అవెస్తాలో అది అస్ప, పారశీకంలో అస్బ్, కుర్దీలో హెస్ప్, పష్తోలో ఆస్. పాత పారశీకంలో గుర్రమెక్కినవాడిని 'అసబార' అనేవారు. అదే సవార్‌గా మారి, దక్కన్ పాలకుల కాలంలో మన నోట 'సవారీ' అయింది. ఒసేతీలోనూ రౌతును 'బారగ్' అంటారు, అసబారలోని రెండో సగం అక్కడ నిలిచింది. మొదటి సగం మాత్రం గుర్రానికి మామూలు పేరుగా నిలవలేదు. పూర్తిగా పోలేదు కూడా. 'స్ప' అనే జంట ఒసేతీలో తిరగబడి 'ఫ్స' అవుతుంది. సైన్యాన్ని చెప్పే 'స్పాద' వాళ్ల భాషలో 'అఫ్సాద్' అయింది అలాగే; పారశీకంలో సిపాహ్‌గా మారి మనకు సిపాయిని ఇచ్చిందీ ఆ మాటే. ఆ సూత్రం ప్రకారం 'అస్ప' దిగోర్‌లో 'అఫ్స'గా, ఇరోన్‌లో 'యఫ్స్'గా బతికే ఉంది. కాని దాని అర్థం ఆడగుర్రం. మగగుర్రాన్ని 'వుర్స్' అంటారు, అదీ మన 'వృష' శబ్దానికి బంధువే. అంటే ఆడదానికీ మగదానికీ ఇరానీ పేర్లే ఉన్నాయి. జాతి మొత్తానికి వాడే పేరు మాత్రం ఇరానీ ధ్వనిసూత్రాలకు లొంగని 'బఖ్'.

ఈ ప్రశ్నకు అందరూ ఎత్తిచూపే జవాబు వసీలీ అబాయెవ్‌ది. ఆయన 1900లో జార్జియా కొండల్లోని కోబీ గ్రామంలో పుట్టి, నూరేళ్లు నిండుగా బతికి 2001లో కన్నుమూశారు. ఆయన ఒసేతీ చారిత్రక నిరుక్త నిఘంటువు 1958, 1973, 1979, 1989లలో నాలుగు సంపుటాలుగా వెలువడింది; సూచిక 1995లో వచ్చింది. ఆయనకు ముందు వ్సెవొలోద్ మిల్లర్ 1880లలో, హ్యూబ్ష్‌మన్ 1887లో వేసిన పునాది ఉన్నా, ఒక్కొక్క మాటనూ చుట్టుపక్కల భాషలన్నిటితో అంత విస్తారంగా పోల్చిన పని మరొకటి లేదు. అబాయెవ్ 'బఖ్'ను కాకసస్ పొరలో చేర్చారు. దీనికి పోలికగా చూపేది నఖ్ కుటుంబపు మాట: చెచెన్‌లో 'బెఖా' వంటిది, ఇంగుష్‌లో 'బఖ్' అనదగ్గది, రెండిటికీ అర్థం గుర్రప్పిల్ల.

ఈ ప్రతిపాదన బలాన్ని తక్కువ చేయడం న్యాయం కాదు. మొదటిది, ఒసేతీ మీద కాకసస్ ప్రభావం ఊహ కాదు. గొంతు బిగించి ఊపిరి వదలకుండా పేల్చినట్టు పలికే హల్లులు ఇరానీ భాషల సొత్తు కాదు. కాకసస్ భాషలన్నిటా ఉన్నాయి, ఒసేతీలోనూ ఉన్నాయి. విభక్తి ప్రత్యయాలను వరసగా అతికించుకుంటూ పోయే పద్ధతిలోనూ, ఇరవై మీద లెక్కించే అలవాటులోనూ పొరుగు భాషల జాడ కనబడుతుంది. ధ్వనులూ నిర్మాణమూ అరువు తెచ్చుకున్న భాష ఒక జంతువు పేరు తెచ్చుకుందంటే వింతేమీ లేదు. రెండోది, ఇరానీ భాషల్లో ఎక్కడా గుర్రానికి 'బఖ్'తో పోల్చదగ్గ మామూలు పేరు లేదు. ఖోతానీ నుంచి బలూచీ దాకా దాదాపు అంతటా 'అస్ప' సంతానమే. ఒక శాఖలో ఒక్క భాషలోనే కనిపించి, భౌగోళికంగా పక్కనే ఉన్న వేరే కుటుంబంలో పోలిక దొరికే మాటను అన్యదేశ్యం అనుకోవడం శాస్త్రంలో మొదటి నియమం.

అయినా ఈ పోలికను దగ్గర నుంచి చూస్తే కొన్ని ప్రశ్నలు తప్పవు. చెచెన్, ఇంగుష్ భాషల్లో గుర్రానికి సాధారణ పేరు 'గోవ్ర్'. ఒసేతీలు గుర్రం పేరును వాళ్ల దగ్గర తీసుకుంటే ఆ మాట వదిలిపెట్టి పిల్లను చెప్పే మాట ఎందుకు తీసుకున్నారు? ఒసేతీకి గుర్రప్పిల్లను చెప్పడానికి 'బాయ్‌రాగ్' అన్న మాట వేరే ఉంది. పిల్ల పేరు పెద్దదానికి వ్యాపించడం భాషల్లో జరగని పని కాదు. కాని జరిగిందని చెప్పడానికి మధ్య మెట్టు ఒకటి చూపగలిగితే బాగుండేది. ధ్వని విషయంలోనూ పూర్తి పొత్తు లేదు. నఖ్ మాటలో ఉన్నది బిగించి పలికే హల్లు, ఒసేతీలో ఉన్నది రాపిడి ధ్వని. ఒసేతీకి బిగించి పలికే హల్లులు సొంతంగా ఉన్నాయి కదా, మరి దాన్ని అలాగే ఎందుకు ఉంచుకోలేదు అన్నది సహజమైన సందేహం. అరువు మాటల్లో ధ్వనులు నియమం తప్పడం మామూలే అన్న సమాధానం నిజమే గాని, ఆ సమాధానం మరీ తేలిగ్గా చెబుతూ పోతే దేన్నైనా దేనితోనైనా కలపవచ్చు.

దిక్కు సంగతి ఇంకా కష్టం. రెండు భాషల్లో ఒకే మాట ఉన్నప్పుడు ఎవరు ఎవరికి ఇచ్చారో ఆ మాటే చెప్పదు. మధ్యయుగాల్లో ఉత్తర కాకసస్‌లో అలాన్‌లు పెద్ద రాజ్యమేలారు; వాళ్ల మాటలు చుట్టుపక్కలకు పాకాయి. దూరాన ఉన్న హంగేరియన్‌కే వంతెనను చెప్పే 'హీద్', గృహిణిని చెప్పే 'అస్సోన్య్' అలాన్‌ల నుంచి వెళ్లాయని నిపుణులు ఒప్పుకుంటారు. అంతటి ప్రభావమున్న గుర్రపురౌతుల నుంచి కొండవాసులు ఒక గుర్రం మాట తీసుకుని, దాన్ని పిల్లకు పరిమితం చేసుకుని ఉండవచ్చు కదా? ఆ దారీ మూసుకుపోలేదు. అయితే అలా అన్నప్పుడు, అలాన్‌లకు ఆ 'బఖ్' ఎక్కడి నుంచి వచ్చిందన్న పాత ప్రశ్నే తిరిగి ముందుకొస్తుంది. అందుకే చాలామంది నఖ్ వైపే మొగ్గుతారు.

అసలు గుర్రాలే ప్రాణంగా బతికిన జాతి గుర్రానికి పేరును కొండవాళ్ల దగ్గర అరువు తీసుకుంటుందా అన్నది చదువరికి సహజంగా కలిగే అనుమానం. దాన్ని కొట్టిపారేయకూడదు. నాలుగో శతాబ్దపు రోమన్ చరిత్రకారుడు అమ్మియానుస్, అలాన్ యువకులు కాలినడకను చిన్నతనంగా చూసేవారని రాశాడు. రెండో శతాబ్దంలో రోమన్ చక్రవర్తి హేడ్రియన్ ముచ్చటపడి పెంచుకున్న బోరిస్తెనీస్ అనే గుర్రం అలాన్ గుర్రమని, అది చనిపోయాక ఫ్రాన్స్‌లోని ఆప్త్ దగ్గర నిలిపిన శిలాశాసనం చెబుతోంది. నల్లసముద్ర తీరపు గ్రీకు శాసనాల్లో 'అస్పోస్' అంతంలో ఉన్న స్థానిక పేర్లు కనిపిస్తాయి; బయోరస్పోస్ అంటే చాలా గుర్రాలున్నవాడని అర్థం చెబుతారు. ఈ జనం నోట 'అస్ప' బాగా నడిచిన మాటేనని వీటివల్ల తెలుస్తోంది. ఒసేతీల 'నార్త్' వీరగాథల్లో ఉరిజ్మగ్ అనే వీరుడి గుర్రం అర్ఫన్ పేరు మీద పాలపుంతను 'అర్ఫన్ జాడ' అంటారు. మరణించినవాడికి పరలోక ప్రయాణానికి గుర్రాన్ని అంకితమిచ్చే తంతు పేరు 'బఖ్‌ఫల్దీసిన్'. ఇంత లోతైన ఆచారం పేరులోనే ఉన్న మాట పరాయిదా అని ఒసేతీ పాఠకుడు నొచ్చుకుంటే ఆ నొప్పి అర్థం చేసుకోదగ్గదే.

కాని చరిత్ర ఈ అనుమానాన్ని పెద్దగా సమర్థించదు. తంతు ఎంత పాతదైనా దాని పేరు ఆయా కాలాల వాడుకమాటలతో కొత్తబడుతూనే ఉంటుంది. గుర్రం మాట నిలకడగా ఉండాల్సినది అనుకుంటాం గాని, నిజానికి పదేపదే మారే మాటల్లో అదొకటి. లాటిన్‌లో గుర్రం 'ఎక్వుస్'. దాన్నుంచి పుట్టిన భాషల్లో ఆ స్థానం 'కబల్లుస్' అనే మరో మాట ఆక్రమించింది. స్పానిష్ 'కబాయో', ఫ్రెంచి 'షెవాల్' దాని సంతానమే. పాత 'ఎక్వుస్' స్త్రీలింగ రూపం మాత్రం స్పానిష్‌లో 'యెగువా'గా, రుమేనియన్‌లో 'యాపా'గా మిగిలింది. రెండిటికీ అర్థం ఆడగుర్రం! ఒసేతీలో జరిగింది అచ్చు ఇదే. జర్మన్ 'ఫేర్ద్' రోమన్ తపాలా గుర్రాల పేరు నుంచి వచ్చింది. రష్యన్‌లో మామూలుగా వాడే 'లోషద్' తుర్కీ భాషల నుంచి తెచ్చుకున్నదని చాలామంది అంగీకరిస్తారు, పాత 'కోన్' పక్కనే ఉండగా. మన దేశంలోనూ అంతే. 'అశ్వం' కావ్యాలకూ యజ్ఞాలకూ పరిమితమై, హిందీ మొదలైన భాషల్లో రోజువారీ మాట 'ఘోటక' వంశపు 'ఘోడా' అయింది. ఆ ఘోటకానికీ, తమిళ కుదిరైకీ, మన గుర్రానికీ సంబంధమెంత, ఎవరు ఎవరికి ఇచ్చారన్నది ద్రావిడ భాషాశాస్త్రంలో ఈనాటికీ తెమలని చర్చ. గుర్రం అమ్ముడుపోయే జంతువు. కొత్త జాతులు వచ్చినప్పుడు కొత్త పేర్లు వాటి వెంట వస్తాయి. కాబట్టి గుర్రపు జాతి కదా, మాట సొంతదే అయి ఉండాలి అన్న వాదం నిలవదు. ఒకవైపు నుంచి చూస్తే గుర్రాలతో ఎక్కువ లావాదేవీలున్నవాళ్లే ఆ మాట మార్చుకునే అవకాశం ఎక్కువ.

ఆడగుర్రానికే పాత మాట ఎందుకు మిగిలిందన్నది కొంత ఊహతో చెప్పాల్సిన విషయం. మందను వృద్ధి చేసేది ఆడవే కాబట్టి పెంపకందారు ఇంట్లో వాడే పేరుగా పాతది నిలిచి, సంతలోనూ ప్రయాణంలోనూ వినబడే పేరుగా కొత్తది చేరి ఉండవచ్చు. పదమూడో శతాబ్దంలో మంగోలులు, పద్నాలుగో శతాబ్దం చివర తైమూర్ దండెత్తాక అలాన్‌లలో మిగిలినవారు మైదానం వదిలి ఇరుకు లోయలకు చేరారు. అక్కడ పెద్ద మందలు మేపే వీలు లేదు; ఎద్దు, గొర్రె బతుకుతెరువులో ముందుకొచ్చాయి, గుర్రం ఇంటికొకటో రెండో అయింది. బతుకు మారినప్పుడు మాట మారడానికి చోటు దొరికిందనడం సబబుగానే తోస్తుంది. అయితే 'బఖ్' రెండు మాండలికాల్లోనూ ఒకే రూపంలో ఉంది. రెండూ వేర్వేరుగా అదే మాటను అదే రూపంలో తెచ్చుకున్నాయనడం కంటే, విడిపోకముందే భాషలోకి వచ్చిందనుకోవడం మేలు. అప్పుడు ఈ కొండవలస కథ దాని రాకకు కారణం కాలేదు, మహా అయితే అది స్థిరపడడానికి తోడ్పడి ఉంటుంది.

పాత రాతలు ఉంటే ఈ తగవు తీరేది. అలాన్‌ల భాష రాతలో దొరికేది బహు స్వల్పం. గ్రీకు లిపిలో చెక్కిన జెలెన్‌చుక్ శాసనం 1888లో బయటపడింది, అందులో ఉన్నవి చాలావరకు మనుషుల పేర్లే. పన్నెండో శతాబ్దపు బైజాంటిన్ కవి త్సెత్సెస్ తన రచనలో అలాన్ పలకరింపులు కొన్ని చేర్చాడు. 1275లో రాసిన ఒక గ్రీకు చర్చి గ్రంథం అంచుల్లో ఎవరో అలాన్ భాషలో పండుగల పేర్లు రాసుకున్నారు. హంగేరీలో స్థిరపడిన యాస్ ప్రజల మాటల పట్టిక ఒకటి, 1422 నాటిది, 1957లో దొరికింది. ఇవి ఏదైనా ఒక మాట ఫలానా కాలానికి ఉందని చెప్పగలవేమో గాని, అంతకుముందు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేవు. నఖ్ భాషలకైతే అంత పాత రాతలు కూడా లేవు. మనకున్నవి రెండు వైపులా నేటి రూపాలు, వాటి మధ్య మన అనుమానం.

ఇక్కడ పద్ధతి గురించి ఒక మాట చెప్పుకోవాలి. ఇరానీతో వివరించలేని ప్రతి ఒసేతీ మాటనూ 'కాకసస్ అడుగుపొర' అనే పేరు కింద చేర్చే అలవాటు ఏర్పడింది. అబాయెవ్ తర్వాత వచ్చినవారిలో అది మరింత పెరిగిందని నాకనిపిస్తుంది. ఇందులో మంచి ఉంది. ఒసేతీని ఒట్టి ఇరానీ భాషగా చూడకుండా, దాని సగం బతుకు పొరుగువారితో గడిచిందని గుర్తించినది ఈ దృష్టే. ప్రాచీన అలాన్‌లకూ స్థానిక కొండజాతులకూ మధ్య కలయికను ఊహించి నేటి ఒసేతీలను ఇద్దరి వారసులుగా చూడడం చరిత్రకు మరింత దగ్గరగా ఉంటుంది. కాని అదే దృష్టి సోమరితనానికీ దారి తీయవచ్చు. మన దేశంలో ప్రాకృత వ్యాకర్తలు సంస్కృతంతో పొసగని మాటలను 'దేశ్యం' అని వేరు చేశారు; పన్నెండో శతాబ్దంలో హేమచంద్రుడు వాటితో ఒక కోశమే కూర్చాడు. అది విలువైన పని. కాని 'దేశ్యం' అన్న పేరు పెట్టగానే పుట్టుక తెలిసిపోయిందని అనుకున్నవారు తర్వాత దిద్దుకోవలసి వచ్చింది, ఆ జాబితాలో కొన్ని సంస్కృతానివే అయ్యాయి, కొన్ని ద్రావిడానివి అయ్యాయి. 'ఇరానీ కాదు' అన్న నిర్ధారణను 'ఫలానా కాకసస్ భాషది' అన్న నిర్ధారణగా మార్చేటప్పుడు అదే జాగ్రత్త అవసరం. కాకసస్ భాషలన్నీ ఒక్కటి కావు. జార్జియన్ 'త్స్‌ఖేని', కబార్దీ 'షి', అవార్ 'చు', ఇవేవీ 'బఖ్'కు దగ్గరగా లేవు. దగ్గరగా ఉన్నది ఒక్క నఖ్, అదీ పిల్లకు చెప్పే మాట.

ఎదుటి పక్షపు తొందరకూ ఇంతే ప్రమాదం ఉంది. ఎలాగైనా ఇరానీ ధాతువొకటి వెతికి పట్టుకోవాలన్న పట్టుదలతో బయలుదేరితే దొరకకపోదు; రెండు హల్లుల మాటకు పోలిక తేవడం ఎవరికైనా సాధ్యమే. 'బఖ్'లోని మొదటి బకారం ఇరానీ బకారానికి సరిపోతుంది, చివరి ఖకారానికి ఇరానీలో మూలాలు ఉంటాయి. ఇంతవరకు ఏ అడ్డూ లేదు. కాని అర్థం ఎక్కడి నుంచి తెస్తారు? పరుగెత్తడమో, పంచుకోవడమో, మోయడమో ఏదో ఒక ధాతువుతో ముడిపెడితే అది మనకు ఇష్టమైన కథ అవుతుంది, రుజువు కాదు. ఇతర ఇరానీ భాషల్లో అదే పద్ధతిలో ఏర్పడిన ఒక్క తోడుమాటైనా చూపనంత కాలం ఈ దారి నఖ్ దారి కంటే బలహీనమే.

ఈ చర్చకు చదువుల గది బయట కూడా పర్యవసానాలున్నాయి. 1994లో ఉత్తర ఒసేతియా తన అధికారిక పేరులో 'అలానియా' చేర్చుకుంది. దక్షిణ ఒసేతియా 2017లో ప్రజాభిప్రాయ సేకరణతో అదే చేసింది. అదే దశాబ్దాల్లో పొరుగున ఇంగుషేతియా తన కొత్త రాజధానికి పాత అలాన్ నగరం మగాస్ పేరు పెట్టుకుంది. అలాన్ వారసత్వం ఎవరిదన్నది ఆ లోయల్లో సున్నితమైన విషయం, 1992లో రెండు జాతుల మధ్య రక్తపాతం కూడా జరిగింది. అలాంటి చోట 'ఒసేతీ గుర్రం మాట ఇంగుష్ మాటే' అన్న వాక్యాన్ని ఎవరైనా జెండాలా ఎత్తుకోవచ్చు. 'మా మాటే వాళ్లు తీసుకున్నారు' అని అవతలివాళ్లూ ఎత్తుకోవచ్చు. శాస్త్రవేత్త ఆ భయంతో నోరు మూసుకోకూడదు. కాని ఆధారం ఎంతుందో అంతకు మించి ఒక్క అంగుళం చెప్పినా నష్టం మామూలు తప్పు కంటే ఎక్కువగా ఉంటుంది. ఒక మాట పొరుగింటి నుంచి వచ్చినా భూమి ఎవరిదో అది చెప్పదు. అన్నదమ్ముల్లా కలిసి పశువులు మేపుకున్న కాలం ఒకటి ఉందని మాత్రం చెబుతుంది.

నిఘంటుకర్త ఎదురుగా ఉన్న చిక్కు కూడా తేలికైనది కాదు. 'పుట్టుక తెలియదు' అని రాస్తే నిజాయతీగా ఉంటుంది, కాని పాఠకుడికి ఏమీ దక్కదు. ఆ ఖాళీలోకి నచ్చిన ఊహలతో ఎవరైనా దూరతారు. 'నఖ్ నుంచి' అని రాస్తే స్పష్టంగా ఉంటుంది, కాని సంశయం మాయమవుతుంది. అబాయెవ్ పోలికగా చూపిన విషయాన్ని తర్వాతి పుస్తకాలు నిర్ణయంగా ఎత్తుకోవడం ఇలాగే జరుగుతుంది. ఒక పెద్ద పండితుడి 'కావచ్చు' రెండు మూడు చేతులు మారేసరికి 'అవును' అవుతుంది. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు, సంక్షిప్త నిఘంటువుల్లో చోటు తక్కువ కావడమే కారణం.

అందుకని నాకు తోచే మధ్యమార్గం, మూడు మాటలను విడివిడిగా చెప్పడం. 'బఖ్' 'అస్ప' నుంచి రాలేదన్నది ధ్వనిసూత్రాల మీద నిలిచిన మాట. దాన్ని నిస్సంకోచంగా రాయవచ్చు. అది కాకసస్ ప్రాంతంలో చేరిన అన్యదేశ్యం కావడం చాలా సంభావ్యం. దాన్ని 'బహుశా' అన్న మాటతో రాయాలి. ప్రత్యేకించి నఖ్ గుర్రప్పిల్ల మాటే దాని మూలమన్నది పోలిక స్థాయిలోనే ఉంది. రెండు రూపాలనూ పక్కపక్కన పెట్టి, దిక్కు తేలలేదని రాయాలి. ఈ మూడిటినీ ఒకే వాక్యంలో కలిపినప్పుడే పొరపాట్లు పుడతాయి. నేనైతే మొదటిదాన్ని తిరస్కరించేవారితో వాదిస్తాను, మూడోదాన్ని తిరస్కరించేవారితో వాదించను.

ఇంకా చేయవలసిన పని పుస్తకాల్లో లేదు, లోయల్లో ఉంది. దిగోర్ పల్లెల్లో గుర్రాల కాపరులు వయసును బట్టి, రంగును బట్టి, నడకను బట్టి వాడే పేర్లు. చెచెన్, ఇంగుష్ కొండల్లో, జార్జియాలో బాత్స్‌బీ అనే నఖ్ భాష మాట్లాడే జేమో అల్వానీలో వాటికి సాటి పేర్లు. గుర్రప్పిల్లను పిలవడానికి చేసే శబ్దాలు సైతం ఎవరైనా ఒకే పద్ధతిలో సేకరిస్తే పిల్ల నుంచి పెద్దకు అర్థం మారిందా లేదా అన్నది కొంతైనా తేలుతుంది. ఒసేతీ యునెస్కో ప్రమాదపు భాషల జాబితాలో ఉంది, బాత్స్‌బీ పరిస్థితి మరీ దుర్బలం. వ్లాదికవ్కాజ్‌లో ఒసేతీ భాష మీద పనిచేస్తున్న పరిశోధకులూ, గ్రోజ్నీ, మగాస్‌లలో నఖ్ భాషల మీద పనిచేసేవారూ తమ సేకరణలను ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకుని ఈ ఒక్క పని కలిసి మొదలుపెట్టాలి. గుర్రాలు కాచిన ముసలివాళ్లు ఉన్నప్పుడే అది జరగాలి.